ఎండలు ముదిరినా దోమ ఎందుకు తగ్గట్లేదు?

ఏప్రిల్‌ నెలాఖరు. ఓపీ నిండా వడదెబ్బ, విరేచనాల కేసులే. వాటి మధ్య ఒక డిగ్రీ కుర్రాడు రెండు రోజుల జ్వరంతో వచ్చాడు. ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక లాగుతున్నట్టు నొప్పి. ఇదే కుర్రాడు సెప్టెంబరులో వచ్చి ఉంటే ఆలోచించకుండా డెంగీ పరీక్ష రాసేదాన్ని. ఏప్రిల్‌ కాబట్టి రాయలేదు. పారాసిటమాల్‌ ఇచ్చి, నీళ్లు బాగా తాగమని పంపించేశాను.

రెండు రోజులు తిరక్కుండానే వాళ్లమ్మ మళ్లీ తీసుకొచ్చింది. ఆగని వాంతులు, కడుపునొప్పి, నిలబడలేనంత నీరసం. ఈసారి చేయించిన ఎన్‌ఎస్‌1 పరీక్షలో డెంగీ అని తేలింది. “ఇంకా ఒక్క వానా పడలేదు కదా మేడమ్‌, డెంగీ ఎక్కడి నుంచి వచ్చింది?” అని అడిగిందావిడ. రెండు రోజుల క్రితం నేను అనుకున్నదీ అదే.

మలేరియా విభాగం సిబ్బంది వాళ్లింటికి వెళ్లి చూశారు. హాల్లో కూలర్‌ తొట్టిలోనూ, కిటికీలో మనీప్లాంట్‌ పెట్టిన సీసాలోనూ దోమ లార్వాలు కదులుతున్నాయి. అదే వీధిలో మరో ఇద్దరికి జ్వరం. కుర్రాడు అయిదు రోజులు వార్డులో ఉండి కోలుకున్నాడు. నా వరకు మాత్రం అది పొరపాటే. రోగిని చూడాల్సింది పోయి కేలండర్‌ చూసి వైద్యం చేశాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అంత ఎండలో దోమేం బతుకుతుందిలే అని డాక్టర్లం సహా అందరం అనుకుంటాం. దోమ మాత్రం మన కేలండర్‌ చూడదు. దానికి కావాల్సినవి వేడి, కాస్త తేమ, కాసిని నిల్వ నీళ్లు. వాతావరణం మారుతున్న కొద్దీ ఈ మూడూ దొరికే రోజులు ఎలా మారుతున్నాయి, దోమ వాటికి ఎలా అలవాటు పడుతోంది, దాన్ని కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారు అన్నవి ఇప్పుడు ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతులు.

అన్ని దేశాలదీ ఇదే ఇబ్బంది

2024లో ప్రపంచవ్యాప్తంగా 1.4 కోట్లకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు ముందు ఏ ఏడాదీ ఇన్ని లేవు. మన దేశంలో 2023లో 2.89 లక్షల కేసులు అధికారిక లెక్కల్లోకి ఎక్కాయి. పరీక్ష చేయించుకోని జ్వరాలు ఆ లెక్కలోకి రావు.

2025 అక్టోబరులో ఐస్‌లాండ్‌ నుంచి ఒక చిన్న వార్త వచ్చింది. ఆరుబయట దోమే లేని దేశంగా పేరున్న అక్కడ మొదటిసారి మూడు దోమలు దొరికాయి. అవి డెంగీ దోమలు కావు, చలిని తట్టుకునే మరో రకం. సరకు రవాణాతో వచ్చి ఉండొచ్చని అక్కడి శాస్త్రవేత్తల అనుమానం. కాబట్టి దాన్ని పూర్తిగా భూతాపం ఖాతాలో వేయలేం. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే విషయం. వాటిని పట్టింది ప్రభుత్వ బృందం కాదు, రెక్కపురుగుల మీద సరదా కొద్దీ తోటలో ఎర పెట్టుకున్న ఒక మామూలు పౌరుడు. వింత పురుగు కనిపించగానే నిపుణులకు పంపించాడు. దేశంలోకి దోమ వచ్చిన సంగతి అలా బయటపడింది.

దోమ గడియారం ఎండతో పాటే తిరుగుతుంది

మన ఒంటి వేడి బయట ఎండ కాసినా, మంచు కురిసినా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కీటకానికి ఆ ఏర్పాటు లేదు. చుట్టూ గాలి ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే. అందుకే కాస్త వేడెక్కితే దాని బతుకులో ప్రతి పనీ వేగం అందుకుంటుంది. గుడ్డు త్వరగా పొదుగుతుంది, లార్వా త్వరగా ఎదుగుతుంది, తాగిన రక్తం త్వరగా అరిగి మళ్లీ కుట్టడానికి వస్తుంది. చలికాలంలో ఎక్కువ రోజులు పట్టే గుడ్డు నుంచి దోమ దాకా ప్రయాణం, వేడి రోజుల్లో వారం పది రోజుల్లో అయిపోతుంది.

వైద్యులుగా మాకు ఎక్కువ ఆందోళన కలిగించేది మరో గడియారం. డెంగీ రోగిని కుట్టిన దోమ వెంటనే మరొకరికి వైరస్‌ ఎక్కించలేదు. వైరస్‌ ముందు దాని కడుపులో పెరగాలి, తర్వాత లాలాజల గ్రంథుల దాకా చేరాలి. సగటున 25 డిగ్రీల దగ్గర ఇందుకు రెండు వారాలు పడుతుంది. 30 డిగ్రీల దగ్గర వారంలోపే అయిపోతుంది. ఆడదోమ సాధారణంగా బతికేది రెండు, మూడు వారాలు. వైరస్‌ సిద్ధం కావడానికే రెండు వారాలు పడితే చాలా దోమలు ఈలోపే చచ్చిపోతాయి. వారంలో సిద్ధమైతే మిగతా రోజులన్నీ మనుషులను కుడుతూ జ్వరం పంచుతాయి. దోమల సంఖ్య పెరగకపోయినా ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు మారితే చాలు, జ్వరాలు పెరుగుతాయి.

అలాగని ఎంత వేడైతే అంత మంచిదని కాదు. ఈడిస్‌ ఈజిప్టై దోమ ద్వారా డెంగీ ఎక్కువగా వ్యాపించేది 29 డిగ్రీల దగ్గర. 18 లోపు, 34 పైన దాదాపు ఆగిపోతుంది. మలేరియాకు అనుకూలమైన వేడి ఇంకా తక్కువ, 25 డిగ్రీల చుట్టుపక్కల. ఈ లెక్కన మే నెలలో మన ఊళ్లలో కాసే 42, 43 డిగ్రీల ఎండకు దోమ తట్టుకోకూడదు. ఆరుబయట అయితే నిజంగానే తట్టుకోలేదు. కానీ అది ఆరుబయట ఉంటే కదా!

ఎండకు దోమ ఉపాయాలు

ఈడిస్‌ దోమ మన ఇంట్లోనే కాపురం పెడుతుంది. మంచం కింద, కర్టెన్ల వెనక, అల్మరాలో వేలాడే నల్లటి బట్టల మడతల్లో పగలంతా నక్కుతుంది. బయట 42 ఉన్నప్పుడు కూలర్‌ తిరిగే గది ఎంతో చల్లగా, తేమగా ఉంటుంది. మనం మన కోసం చేసుకున్న ఏర్పాటే దానికీ సరిపోతోంది. గుడ్లు పెట్టుకోవడానికి అదే కూలర్‌ తొట్టి పక్కనే ఉంది.

గుడ్లది ఇంకో కథ. ఈడిస్‌ గుడ్లను నీళ్లలో వదలదు. నీటి మట్టానికి కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. చలికాలంలో అటక ఎక్కించిన కూలర్‌ను వేసవిలో దించి నీళ్లు పోస్తే, పోయిన ఏటి గుడ్లు ఈ ఏడు లేచి కూర్చోవచ్చు. నీళ్లు పారబోస్తే సరిపోదు, తొట్టి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడగాలని చెప్పేది ఇందుకే.

గాలి పొడిబారితే దోమ డీలా పడుతుందనుకుంటాం. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో చూపించింది వేరు. ఒంట్లో నీరు తగ్గిన దోమలు మరింత చురుగ్గా తిరిగి, ఎక్కువగా కుట్టాయి. వాటికి రక్తం ఆహారమే కాదు, దాహం తీర్చే నీరు కూడా.

మన పట్టణాల్లో మలేరియా మోసే అనాఫిలస్‌ స్టీఫెన్సీ దోమకు మరో విద్య ఉంది. వేడి రక్తం తాగుతున్నప్పుడు దాని ఒళ్లూ వేడెక్కుతుంది. అప్పుడు వెనక భాగంలో ఒక చిన్న నీటి బొట్టును వేలాడేసుకుంటుంది. అది ఆవిరవుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. మనకు చెమట చేసే పనే. ఫ్రాన్స్‌ పరిశోధకులు ఉష్ణాన్ని చూపే కెమెరాలతో దీన్ని చిత్రించి 2012లో ప్రకటించారు.

ఇవన్నీ ఒక దోమ జీవితకాలంలో వాడుకునే ఉపాయాలు. తరాల మీద జాతి మొత్తం మారడం ఇంకా లోతైన విషయం. ఉత్తర అమెరికాలో కీటకాలను తినే ఒక మొక్క ఉంది. కూజాల్లాంటి దాని ఆకుల్లో నిలిచే నీళ్లలో ఒక రకం దోమ పెరుగుతుంది. పగటి పొద్దు తగ్గడం చూసి శీతకాలం వస్తోందని గ్రహించి దాని లార్వా ఎదుగుదల ఆపేసుకుంటుంది. బ్రాడ్‌షా, హోల్జాఫెల్‌ అనే శాస్త్రవేత్తలు 1972 నాటి లెక్కలనూ, 1996 నాటి లెక్కలనూ పోల్చి 2001లో ప్రకటించారు. చలికాలం ఆలస్యమవుతున్న కొద్దీ ఉత్తరాది దోమలు నిద్రలోకి వెళ్లే తేదీ తొమ్మిది రోజులు వెనక్కి జరిగింది. అది అలవాటు మారడం కాదు, జన్యువుల్లో వచ్చిన మార్పు. పాతికేళ్లలోపే ఒక జాతి కేలండర్‌ మారిపోయింది.

కీటకాలన్నీ ఇలా నెగ్గుకొస్తున్నాయని అనుకోవద్దు. జర్మనీలో 63 రక్షిత ప్రాంతాల్లో వలల్లో పడిన ఎగిరే కీటకాలను తూచి చూస్తే, 27 ఏళ్లలో వాటి బరువు 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో తేలింది. ఆ నష్టానికి ఎండలొక్కటే కారణం అనలేం. కానీ మనిషి ఇంట్లో, మనిషి నీళ్లలో బతకడం నేర్చిన దోమకు బయటి కష్టాలు అంతగా తగలడం లేదు.

వానలు కురిసినా, కురవకపోయినా

పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థకు చెందిన సోఫియా యాకోబ్‌, రాక్సీ మ్యాథ్యూ కోల్‌ బృందం 2025 జనవరిలో ఒక అధ్యయనం వెలువరించింది. పుణెలో డెంగీ మరణాలనూ, వాతావరణాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 27 డిగ్రీలు దాటిన ఉష్ణోగ్రత, వానాకాలంలో 60 నుంచి 78 శాతం తేమ, ఒక మోస్తరు వానలు విడవకుండా పడటం, ఈ మూడూ కలిస్తే డెంగీ పెరుగుతోంది. వారంలో 150 మిల్లీమీటర్లకు మించి కుండపోత కురిస్తే తగ్గుతోంది. గుడ్లూ, లార్వాలూ వరదకు కొట్టుకుపోవడమే కారణం. అంటే ఇన్ని సెంటీమీటర్ల వాన పడిందన్న లెక్క ఒక్కటే చాలదు, ఎలా పడిందన్నది చూడాలి. ఈ లెక్కలతో డెంగీ ముప్పును రెండు నెలల ముందే చెప్పవచ్చన్నది వారి మాట. ఉష్ణోగ్రతలు ఇలాగే పెరిగితే 2040లోపు పుణెలో డెంగీ మరణాలు 13 శాతం పెరగవచ్చని కూడా హెచ్చరించారు.

వానలు లేకపోతే బాధ లేదా? బ్రెజిల్‌ లెక్కలపై 2021లో వచ్చిన పరిశోధన ప్రకారం, తీవ్ర కరువు వచ్చిన మూడు నుంచి అయిదు నెలల తర్వాత డెంగీ ముప్పు పెరుగుతోంది. కుళాయి నీళ్లు తరచూ ఆగిపోయే ప్రాంతాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. కారణం మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో డ్రమ్ములూ, గోలేలూ, బకెట్లూ ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ట్యాంకర్‌ కోసం ఎదురుచూసే వేసవిలో దోమకు వానాకాలంతో పనేముంది?

లెక్కపెట్టడం సికింద్రాబాద్‌లోనే మొదలైంది

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్‌ రాస్‌ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద కోసి చూసి మలేరియా క్రిమిని కనిపెట్టారు. నాలుగు రోజుల ముందు హుస్సేన్‌ ఖాన్‌ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ అది. కుట్టించుకున్న ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున ఆ రోగికి ముట్టజెప్పారు. అది ఏ రకం దోమ, ఎప్పుడు కుట్టింది, ఎన్ని రోజులైంది అని రాసుకోవడం అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ శాస్త్రానికి పునాది.

నేటికీ మన దగ్గర ఎక్కువగా సాగేది ఇంటింటి సర్వే. సిబ్బంది టార్చి పట్టుకుని తొట్లు, డ్రమ్ములు, కుండీలు చూస్తారు. వంద ఇళ్లు చూస్తే ఎన్ని ఇళ్లలో లార్వాలు దొరికాయన్నది హౌస్‌ ఇండెక్స్‌. వంద ఇళ్లకు లార్వాలున్న పాత్రలు ఎన్ని అన్నది బ్రెటో ఇండెక్స్‌. ఈ అంకెలు వారం వారం పెరుగుతుంటే జ్వరాలు వెనకే వస్తున్నాయని అర్థం. గుడ్ల కోసం మరో చిన్న ఏర్పాటు ఉంది. నల్లరంగు డబ్బాలో నీళ్లు పోసి, లోపల గరుకు చెక్క గానీ గుడ్డ గానీ పెడతారు. ఈడిస్‌ వచ్చి దానికి గుడ్లు అంటిస్తుంది, వాటిని లెక్కిస్తారు. పెద్ద దోమలను పట్టడానికి దీపం, కార్బన్‌ డయాక్సైడ్‌ ఎరగా పెట్టిన వలలు ఉన్నాయి. పట్టిన దోమలను గుంపులుగా పరీక్షించి, మనుషులకు జ్వరం రాకముందే వాటిలో వైరస్‌ ఉందేమో చూడొచ్చు.

కొత్త పద్ధతులూ వస్తున్నాయి. ఒక్కో జాతి దోమ రెక్కల చప్పుడు ఒక్కో తీరుగా ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్‌ బృందం మామూలు సెల్‌ఫోన్‌తో రికార్డు చేసిన రొద నుంచి జాతిని గుర్తించవచ్చని 2017లో చూపించింది. స్పెయిన్‌లో 2014 నుంచి ‘మస్కిటో అలర్ట్‌’ యాప్‌లో ప్రజలు దోమ ఫొటోలు పంపుతున్నారు. 2018లో ఆ దేశంలోకి కొత్తగా వచ్చిన ఒక ఈడిస్‌ జాతి అలా పంపిన ఫొటోతోనే బయటపడింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌ పురపాలక శాఖ విజయవాడ, విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, నెల్లూరు, కర్నూలు నగరాల్లో 66 చోట్ల కృత్రిమ మేధతో పనిచేసే సెన్సర్లను ప్రయోగాత్మకంగా పెడతామని ప్రకటించింది. దోమ ఏ జాతిది, ఆడదా మగదా, ఎంత దట్టంగా ఉన్నాయి, అక్కడి వేడీ తేమా ఎంత అన్నది అవి చెబుతాయి.

లెక్క తప్పితే ఏమవుతుంది?

జిబౌటీ ఆఫ్రికాలో ఒక చిన్న దేశం. 2012లో అక్కడ మలేరియా కేసులు 27. దాదాపు పోయినట్టే అనుకున్నారు. అదే ఏడాది అక్కడ స్టీఫెన్సీ దోమ కనిపించింది. మన ప్రాంతాల్లో ఓవర్‌హెడ్‌ ట్యాంకుల్లో, సంపుల్లో, బావుల్లో పెరిగేది ఇదే. పట్టణాల్లో, ఎండాకాలంలో కూడా బతకగలిగే ఈ దోమ వచ్చాక 2020 నాటికి అక్కడ కేసులు 73 వేలు దాటాయి. తర్వాత ఇథియోపియాలోనూ పట్టణ మలేరియా విజృంభణకు ఇదే కారణమైంది.

మన పరిస్థితి చూడండి. చాలా చోట్ల ముందు రోగులు వస్తారు, తర్వాత వార్త వస్తుంది, ఆ తర్వాత పొగ వస్తుంది. దోమల సంగతి మాకు తెలిసేది మనిషి మంచం పట్టాకే. అంటే దోమల లెక్కను మేం మనుషుల రక్తపరీక్షలతో కడుతున్నాం. ఆ ఏప్రిల్‌ కుర్రాడి విషయంలో జరిగింది అదే. ఆ వీధి హౌస్‌ ఇండెక్స్‌ మార్చి నుంచే పెరుగుతోందని నా బల్ల మీద ఒక కాగితం ఉండి ఉంటే మొదటి రోజే పరీక్ష రాసేదాన్ని.

పొగతో అందరికీ తృప్తి కలుగుతుంది. అది ఎగిరే దోమల్లో కొన్నిటినే చంపుతుంది. నీళ్లలో లార్వాలకూ, గోడకు అంటిన గుడ్లకూ ఏమీ కాదు. తలుపులు బిగించుకున్న ఇంట్లో కర్టెన్‌ వెనక ఉన్న ఈడిస్‌నూ అది చేరదు.

తప్పు అధికారులది మాత్రమే కాదు. సర్వేకు వచ్చే సిబ్బంది నాతో చెప్పుకునే కష్టం ఒకటే, తలుపు తీయరు. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌ దగ్గరే ఆగిపోవాల్సి వస్తోందట. తలుపు తీయని ఇల్లు లెక్కలోకి రాదు. రోజూ పేపర్లో గాలి నాణ్యత అంకె చూస్తున్నాం. వార్డుల వారీగా దోమల అంకెను కూడా ప్రతి వారం ప్రకటించమని కాలనీ సంఘాలు అడగవచ్చు. అడిగే హక్కు రావాలంటే ముందు మన ఇంటి తలుపు తీయాలి.

ఇంట్లో చేయాల్సినవి

- వారానికి ఒకసారి, ఏడాది పొడవునా, నిల్వ నీళ్లన్నీ ఖాళీ చేయండి. శుక్రవారం డ్రై డే వెనక లెక్క ఇదే. గుడ్డు దోమ అయ్యేలోగా గొలుసు తెంచేయాలి.
- కూలర్‌ తొట్టి, డ్రమ్ములు, కుండీల కింది పళ్లేలు పీచుతో రుద్ది కడిగి ఆరబెట్టండి. ఫ్రిజ్‌ వెనక ట్రే, పూజగదిలో నీళ్ల పాత్రలు, మనీప్లాంట్‌ సీసా, డాబా మీద పాత టైర్లు, కొబ్బరి చిప్పలు మరిచిపోవద్దు.
- ఓవర్‌హెడ్‌ ట్యాంకు, సంపు మూతలు సందు లేకుండా ఉండాలి. ఓవర్‌ఫ్లో పైపుకు సన్నని జాలీ కట్టండి.
- ఈడిస్‌ కుట్టేది పగటి పూట, ముఖ్యంగా పొద్దున్నే, సాయంత్రం. పగలు నిద్రపోయే పసిపిల్లలకూ దోమతెర కావాలి.

జ్వరం వస్తే

ఏ నెల అయినా సరే, జలుబూ దగ్గూ లేని ఎక్కువ జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక నొప్పి ఉంటే డెంగీని దృష్టిలో పెట్టుకోవాలి. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష ఉపయోగపడతాయి. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్‌ చాలు. ఆస్పిరిన్‌, ఐబుప్రొఫెన్‌, డైక్లోఫెనాక్‌ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, రక్తస్రావం ముప్పు ఉంది. ఓఆర్‌ఎస్‌, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు ఇస్తూ ఉండండి.

జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్త పడాల్సిన సమయం. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా ఉండటం, మూత్రం తగ్గడం, చేతులూ కాళ్లూ చల్లబడటం వీటిలో ఏది కనిపించినా రాత్రి పగలు చూడకుండా ఆసుపత్రికి రండి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి కంగారుపడి ఎక్కించుకోనక్కర్లేదు. రక్తస్రావం ఉందా, రక్తపోటు ఎలా ఉంది, రక్తం చిక్కబడుతోందా అన్నవి చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

డెంగీ పరీక్ష రాసేముందు ఇప్పుడు నేను నెల చూడటం లేదు. ఇంట్లో కూలర్‌ ఉందా, నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, పక్కింట్లో ఎవరికైనా జ్వరమా అని అడుగుతున్నాను. ఈ శుక్రవారం మీ కూలర్‌ తొట్టిలోకి టార్చి వేసి ఒకసారి చూడండి.